గంజాయి కార్డు కోసం పైసలు కట్టకండి, నొప్పికి మందు అడగండి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. గంజాయి మందుగా పనిచేస్తుందట కదా, దానికి పేషెంట్ సర్టిఫికెట్ ఎక్కడ ఇస్తారు, ఎవరిని అడగాలి అని. అడిగినవాళ్లలో మత్తు కోసం అడిగినవాళ్లు ఒక్కరూ లేరు, అందరూ ఇంట్లో ఒకరి బాధ చూడలేక అడిగినవాళ్లే. అందుకే దాచుకోకుండా, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. రాత్రంతా మూలుగుతూనే ఉంటుంది, నొప్పి గోలీలు వేసినా గంట కూడా ఆగడం లేదు. ఫోన్‌లో ఒక రీల్ చూసి నంబరుకు కాల్ చేస్తే, వీడియో కాల్‌లో డాక్టర్‌తో మాట్లాడిస్తామని, ‘మెడికల్ కానబిస్ పేషెంట్ కార్డు’ ఇప్పిస్తామని, పదిహేను వేలు పంపమని అంటున్నారు. కార్డు చూపిస్తే పోలీసులు ఏమీ అనరట. కట్టమంటారా? (ఒక పాఠకురాలు, హన్మకొండ)

జవాబు: కట్టకండమ్మా. అలాంటి కార్డు మన దేశంలో లేదు, ఏ రాష్ట్ర ప్రభుత్వమూ ఇవ్వడం లేదు, ఏ డాక్టర్‌కూ ఇచ్చే అధికారం లేదు. వాళ్లు పంపేది రంగుల్లో ప్రింటు కొట్టిన అట్టముక్క, అంతే.

వాళ్లు చూపించే ఆధారం ఏమిటో కూడా చెప్తాను, ఎందుకంటే చదువుకున్నవాళ్లు కూడా దానికి పడిపోతున్నారు. 1985 నాటి మత్తు పదార్థాల నిరోధక చట్టం, ఎన్‌డీపీఎస్ చట్టంలో 8వ సెక్షన్ మత్తు పదార్థాలన్నింటినీ నిషేధిస్తూనే, వైద్య, శాస్త్రీయ అవసరాలకు తప్ప అని ఒక మాట రాసింది. ఆ ఒక్క మాట పట్టుకుని ‘వైద్య అవసరానికి చట్టమే ఒప్పుకుంది’ అంటారు. కానీ ఆ మినహాయింపు లైసెన్సు తీసుకుని, నిబంధనల ప్రకారం నడిచే సంస్థలకు. జమ్మూలో ఉన్న కేంద్ర ప్రభుత్వ సీఎస్‌ఐఆర్ పరిశోధన సంస్థ అలాగే అనుమతితో గంజాయి మొక్కను పెంచి పరిశోధన చేస్తోంది. ఒక రోగి డాక్టర్ దగ్గర కాగితం తెచ్చుకుని ఇంట్లో గంజాయి ఉంచుకోవచ్చు అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. రేపు కాజీపేట స్టేషన్‌లో తనిఖీలో దొరికితే ఆ కార్డు ఎందుకూ పనికిరాదు. కిలో లోపు ఉంటే ఏమీ కాదు అనే మాట కూడా తప్పే. కిలో వరకు ‘తక్కువ పరిమాణం’ కింద లెక్కిస్తారు, దానికీ ఏడాది వరకు కఠిన జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి.

మరి బజారులో అమ్మే ‘విజయ’ అనే ఆయుర్వేద మందుల సంగతి ఏమిటని అడుగుతారు. అవి ఉన్నమాట నిజం. చట్టం దృష్టిలో గంజాయి అంటే ఈ మొక్క పూత, కాయ ఉన్న కొసలు, చరస్ అంటే దాని జిగురు. పూత లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు, ఆకు మీద నియంత్రణ రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలది. ఆయుర్వేదంలో ఆ ఆకునే విజయ అంటారు, జాతీఫలాది చూర్ణంలాంటి పాత మందుల్లో అది ఉంటుంది. డ్రగ్స్ రూల్స్‌లో దాన్ని విషద్రవ్యాల జాబితాలో, షెడ్యూల్ ఈ1లో పెట్టారు కాబట్టి డబ్బా మీద ‘వైద్య పర్యవేక్షణలో మాత్రమే వాడాలి’ అనే హెచ్చరిక, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు ఉండి తీరాలి. ఆయుర్వేద డాక్టర్ రాసిన చీటీ మీద కొనే మందు అది. దానికి కార్డు అక్కర్లేదు, పదిహేను వేలు అసలే అక్కర్లేదు.

చట్టాన్ని కాసేపు పక్కన పెట్టి, అది మీ అమ్మ నొప్పిని తగ్గిస్తుందా అని చూద్దాం. కీమో వల్ల వచ్చే వాంతులకు గంజాయిలోని పదార్థంతో చేసిన మందులు పనిచేస్తాయి, అమెరికాలో 1985లోనే డ్రోనాబినాల్, నాబిలోన్ అనే రెండింటికి అనుమతి ఇచ్చారు. కానీ మార్ఫిన్‌లాంటి మందులకు లొంగని క్యాన్సర్ నొప్పి మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన 2023 నాటి కాక్రేన్ (అంతర్జాతీయ వైద్య పరిశోధకుల సంస్థ) సమీక్ష, ఈ మందులు ఆ నొప్పిని తగ్గించడం లేదని తేల్చింది. పైగా పెద్ద వయసువాళ్లకు తల తిరగడం, తికమక పడటం, తూలి పడటం ఎక్కువ. క్యాన్సర్ పాకిన ఎముక మామూలు ఎముక కాదు, బాత్రూంలో ఒక్కసారి జారితే తొంటి విరుగుతుంది. అందుకే ఈ దారి మీ అమ్మకు వద్దంటున్నాను.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట. మీ ఉత్తరంలో మార్ఫిన్ అనే పేరే లేదు. ఎముకలకు పాకిన క్యాన్సర్‌తో రాత్రంతా మూలిగే మనిషికి ఇప్పటిదాకా మార్ఫిన్ ఎవరూ రాయలేదంటే నాకు కోపం వస్తోంది, మీ మీద కాదు. గంజాయిని నిషేధించిన ఆ 1985 చట్టమే మార్ఫిన్‌నూ లైసెన్సుల చిక్కులో పడేసింది. దుకాణాలు భయపడి పెట్టడం మానేశాయి, డాక్టర్లు రాయడం మరిచిపోయారు, ఒక తరం డాక్టర్లు దాన్ని వాడటం సరిగ్గా నేర్చుకోకుండానే చదువు పూర్తి చేశారు. 2014లో చట్టాన్ని సవరించి, ‘అత్యావశ్యక మత్తు మందులు’ అని ఒక వర్గం పెట్టి, గుర్తింపు పొందిన దవాఖానలు మార్ఫిన్ ఉంచుకుని రోగులకు ఇచ్చేలా సులువు చేశారు. అంటే చట్టం తలుపు తెరిచింది, మనవాళ్లు ఆ తలుపు దగ్గరికి వెళ్లడం లేదు, పక్కసందులో కార్డులు అమ్మేవాడి దగ్గరికి వెళ్తున్నారు.

మార్ఫిన్ గోలీ చవక. మామూలు రకమైతే నాలుగు గంటలకోసారి వేస్తారు, నొప్పి వచ్చాక కాదు, రాకముందే, గడియారం చూసి. రాత్రి నిద్ర చెడకుండా పడుకునేముందు డోసు పెంచి ఇచ్చే పద్ధతి ఉంది. మొదటి కొన్ని రోజులు వికారం, మగత ఉంటాయి, తర్వాత తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, తగ్గదు, కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటిరోజు నుంచే ఇవ్వమని అడగండి, చాలామంది మార్ఫిన్ మానేసేది ఈ ఒక్క ఇబ్బందితోనే. అలవాటు పడిపోతుందేమోనన్న భయం, ఇది చివరి దశలో ఇచ్చే మందేమోనన్న భయం ఇంట్లో అందరికీ ఉంటాయి. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చూస్తూ సరైన డోసులో ఇచ్చినప్పుడు వ్యసనంగా మారడం చాలా అరుదు, దానివల్ల ఆయుష్షు తగ్గదు. నొప్పి తగ్గితే అమ్మ తింటుంది, పడుకుంటుంది, మీతో మాట్లాడుతుంది.

ఇంకో రెండు సంగతులు కూడా అడగండి. ఎముకలో ఒకచోటే నొప్పి ఎక్కువగా ఉంటే అక్కడ ఒక్కసారి రేడియేషన్ ఇచ్చినా చాలామందికి ఉపశమనం దొరుకుతుంది, పూర్తి కోర్సు అక్కర్లేదు. ఎముకలు గట్టిపడే జోలెడ్రోనిక్ యాసిడ్ సూది కూడా ఉంది. నడుం నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా మాత్రం తెల్లారేదాకా ఆగకండి, వెన్నుపాము నలుగుతోందని అర్థం, ఆ రాత్రే తీసుకెళ్లండి.

ఎక్కడికి అంటే, ముందు వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ దవాఖానకు వెళ్లి, చుట్టూ తిప్పి అడగకుండా నేరుగా ‘మార్ఫిన్ రాస్తారా, లేకపోతే పాలియేటివ్ కేర్ కేంద్రానికి పంపిస్తారా’ అని అడగండి. పాలియేటివ్ కేర్ అంటే జబ్బు ఏ దశలో ఉన్నా నొప్పిని, ఆయాసాన్ని, వాంతులను తగ్గించే వైద్యం. మన తెలంగాణలో ప్రభుత్వమే జిల్లాల్లో ఈ కేంద్రాలు నడుపుతోంది, మంచం దిగలేనివాళ్ల కోసం ఇంటికి వచ్చే నర్సుల బృందాలూ ఉన్నాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానలో ఈ విభాగం చాలాకాలంగా ఉంది. అమ్మను అంతదూరం తీసుకెళ్లలేకపోతే రిపోర్టులు, పాత చీటీలు పట్టుకుని ముందు మీరొక్కరే వెళ్లి మాట్లాడి రండి. ఆ పదిహేను వేలు దారి ఖర్చుకు, అమ్మ తిండికి ఉంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, హెచ్1బీ మీద. కారు ప్రమాదం తర్వాత నడుం నొప్పి తగ్గడం లేదు. అక్కడ మెడికల్ మారిజువానా కార్డు చట్టబద్ధమేనని, తీసుకుంటానని అంటున్నాడు. గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఉంది. మాకు టెన్షన్‌గా ఉంది. వేసవికి మేమిద్దరం వెళ్తున్నాం, మా ఆవిడ మోకాళ్ల నొప్పులకూ అక్కడే తీసుకోవచ్చంటున్నాడు. (ఒక తండ్రి, జనగామ)

జవాబు: అక్కడ కార్డు ఉన్నమాట నిజమే, మోసం కాదు. పెన్సిల్వేనియాలో 2016లో చట్టం చేశారు. పద్ధతి ఇదీ: ముందు ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకోవాలి, దానికి ఆ రాష్ట్రం ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్సో ఐడీనో కావాలి. తర్వాత ఆ శాఖ దగ్గర నమోదైన డాక్టర్‌ను కలవాలి, అందరు డాక్టర్లూ సర్టిఫై చేయలేరు. చట్టం గుర్తించిన జబ్బుల జాబితా ఒకటుంది, అందులో మామూలు వైద్యానికి లొంగని తీవ్రమైన దీర్ఘకాలిక నొప్పి ఉంది. డాక్టర్ పాత రికార్డులు చూసి, ఆ జబ్బు ఉందని రిజిస్ట్రీలో ధ్రువీకరిస్తాడు. ఆ తర్వాత 50 డాలర్ల ఫీజు కడితే కార్డు వస్తుంది, దాంతో లైసెన్సున్న డిస్పెన్సరీలో మాత్రమే కొనాలి. డాక్టర్ ఫీజు వేరే. సర్టిఫికెట్‌కు గడువుంటుంది, మళ్లీ చూపించుకోవాలి. ఇదే ఫ్లోరిడాలో అయితే రిజిస్ట్రీలో పేరు ఎక్కించేది డాక్టరే, టెక్సాస్‌లో అయితే కార్డే ఉండదు, డాక్టర్ రాష్ట్ర రిజిస్ట్రీలో మందు నమోదు చేస్తాడు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి, కాబట్టి డల్లాస్‌లో ఉన్న ఫ్రెండ్ చెప్పింది మీవాడికి వర్తించదు.

చిక్కు ఎక్కడుందంటే, అది రాష్ట్ర చట్టం. వీసాలు, గ్రీన్‌కార్డు, పౌరసత్వం చూసేది కేంద్ర ప్రభుత్వం, దాని చట్టంలో డిస్పెన్సరీలో కొనే గంజాయి ఉంచుకోవడం నేరమే. 1996లో మొదట కాలిఫోర్నియా వైద్య గంజాయిని ఒప్పుకున్నప్పటి నుంచీ ఈ రెండు చట్టాల గొడవ నడుస్తూనే ఉంది. డాక్టర్లు దాన్ని ప్రిస్క్రిప్షన్ అనకుండా సిఫార్సు అనో సర్టిఫికేషన్ అనో అంటున్నది కూడా ఇందుకే. పౌరులు కానివాళ్లు ఇమిగ్రేషన్ అధికారి ముందు గంజాయి వాడానని ఒప్పుకుంటే, ఒక్క కేసు కూడా లేకపోయినా, అది దేశంలోకి రానివ్వకపోవడానికో గ్రీన్‌కార్డు ఆపడానికో కారణం కావచ్చు. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, పౌరసత్వం అడిగేవాళ్లకు అది సత్ప్రవర్తన విషయంలో అడ్డంకి అవుతుందని అక్కడి పౌరసత్వ, ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగానే చెప్పింది. గ్రీన్‌కార్డు మెడికల్ పరీక్షలో డాక్టర్ మత్తు పదార్థాల వాడకం గురించి అడుగుతాడు. అక్కడ అబద్ధం చెప్పమని నేను చెప్పను, అది ఇంకా పెద్ద తప్పు. అందుకే గ్రీన్‌కార్డు దారిలో ఉన్నవాడు అసలు ఆ కార్డు జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. అయినా తీసుకోవాలనుకుంటే, డాక్టర్ కంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవమనండి. ఇప్పటికే వాడి ఉంటే మరీ ముందు.

ఇంకోటి, పెన్సిల్వేనియాలో కార్డు ఉన్నా సరే, రక్తంలో గంజాయి తాలూకు ఆనవాళ్లు దొరికితే మత్తులో బండి నడిపిన కేసు పెట్టొచ్చు, వాడిన కొన్ని రోజుల తర్వాత కూడా ఆ ఆనవాళ్లు ఉంటాయి. కారు లేకుండా అక్కడ బతుకు నడవదు కదా. కారు ప్రమాదం తర్వాతి నడుం నొప్పికి ఫిజియోథెరపీ, క్రమంగా పెంచే వ్యాయామం, కొందరికి డులోక్సెటిన్‌లాంటి గోలీలు పనిచేస్తాయి, వాటిని నెల రెండు నెలలు విడవకుండా చేశాడా అని అడగండి. కంప్యూటర్ ముందు పన్నెండు గంటలు కూర్చునే పిల్లలు ఫిజియో నాలుగు రోజులు చేసి మానేస్తారు.

మీ ఆవిడ సంగతి సూటిగా చెప్తాను. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు ఆ రాష్ట్ర నివాసులు కారు, కాబట్టి కార్డు రాదు. కొడుకు కార్డు మీద కొన్నది తల్లి వాడకూడదు. ఇక వచ్చేటప్పుడు చాక్లెట్ల మధ్య గంజాయి గమ్మీలు సర్దుకుని శంషాబాద్‌లో దిగితే, అది దేశంలోకి మత్తు పదార్థం దిగుమతి చేసిన నేరం. అక్కడి రశీదు, అక్కడి డాక్టర్ కాగితం ఇక్కడ చెల్లవు. మోకాళ్లకు ఆమె ఇక్కడి నుంచే మందులు తీసుకెళ్లాలి, చీటీతో సహా.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు, 14 కిలోలు. రోజుకు ఐదారుసార్లు ఫిట్స్ వస్తాయి. రెండు రకాల సిరప్‌లు వాడుతున్నాం. విదేశాల్లో గంజాయి నూనెతో ఫిట్స్ తగ్గుతున్నాయని చదివాం. ఆన్‌లైన్‌లో ‘హెంప్ ఆయిల్’ దొరుకుతోంది, వేయమంటారా? (తల్లిదండ్రులు, కరీంనగర్)

జవాబు: మీరు చదివింది నిజమే. గంజాయి మొక్కలో ఉండే, మత్తు ఇవ్వని సీబీడీ అనే పదార్థంతో తయారైన ఎపిడియోలెక్స్ అనే మందుకు అమెరికా ఎఫ్‌డీఏ 2018 జూన్‌లో అనుమతి ఇచ్చింది. కానీ అన్ని ఫిట్స్‌కూ కాదు, డ్రావే సిండ్రోమ్, లెనాక్స్ గాస్టో సిండ్రోమ్ అనే రెండు మొండి రకాలకు, తర్వాత ట్యూబరస్ స్క్లెరోసిస్‌కు. మీ పాపది ఏ రకమో మీ ప్రశ్నలో లేదు, మీకు ఎవరైనా చెప్పారో లేదో కూడా తెలియడం లేదు. ముందు తేల్చుకోవాల్సింది అదే.

ఆన్‌లైన్‌లో మీరు చూసిన హెంప్ ఆయిల్ దాదాపు ఎప్పుడూ గంజాయి మొక్క గింజల నూనే అయి ఉంటుంది. 2021లో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ గింజను, దాని నూనెను తిండి పదార్థంగా ఒప్పుకుంది. నువ్వుల నూనెలాగా అదీ ఒక వంటనూనె, అందులో సీబీడీ ఉండదన్నట్టే. ఫిట్స్ ఆగవు. సీబీడీ అని రాసి ఉన్న సీసాల్లోనూ ఎంత ఉందో తెలియదు, ఆ మందు డోసు కిలో బరువుకు రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు, అంటే మీ పాపకు రోజుకు 140 పైనే కావాలి, చుక్కల్లో అది రాదు. వాల్‌ప్రోయేట్ సిరప్‌తో కలిస్తే లివర్ ఎంజైములు పెరుగుతాయి, క్లోబజామ్‌తో కలిస్తే పిల్ల మత్తుగా పడి ఉంటుంది. డాక్టర్‌కు చెప్పకుండా ఒక్క చుక్క కూడా వేయకండి.

పిల్లల న్యూరాలజిస్ట్‌కు చూపించారా? లేకపోతే హైదరాబాద్‌లోని నిమ్స్‌కో, నీలోఫర్ దవాఖానకో తీసుకెళ్లండి. ఈఈజీ, ఎంఆర్‌ఐతో పాటు జన్యుపరీక్ష అవసరమా అని అడగండి. ఎందుకంటే డ్రావే ఉన్న పిల్లలకు ఫెనిటాయిన్, కార్బమజెపైన్‌లాంటి మామూలు ఫిట్స్ మందులే ఫిట్స్‌ను పెంచుతాయి, మందు మారిస్తేనే తేడా కనిపిస్తుంది. కొవ్వు ఎక్కువగా, అన్నం రొట్టె బాగా తక్కువగా పెట్టే కీటోజెనిక్ డైట్ మొండి ఫిట్స్‌లో చాలామంది పిల్లలకు మేలు చేస్తుంది, దవాఖానలో డైటీషియన్ పర్యవేక్షణలోనే మొదలుపెట్టాలి. ఫిట్స్ వచ్చినప్పుడల్లా ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, డాక్టర్‌కు అది మీరు చెప్పే మాటలకంటే ఎక్కువ పనికొస్తుంది. ఫిట్ ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ఇంట్లో ఉంచుకోవడం గురించీ అడగండి.

ప్రశ్న: మా తమ్ముడు నిద్ర పట్టడానికని గంజాయి తాగుతున్నాడు, ఏడాది పైనే అయింది. దవాఖానకు తీసుకెళ్తే పోలీసు కేసు అవుతుందా? (భూపాలపల్లి)

జవాబు: కాదు. వైద్యం కోసం వెళ్లినవాణ్ని డాక్టర్ పోలీసులకు పట్టివ్వడు. ఒకవేళ ఇప్పటికే వాడినందుకో, తక్కువ పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసు ఉన్నా, వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వస్తే విచారణ నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఏ అదే చట్టంలో ఉంది, చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. ఎంజీఎం మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి, లేదా 14446కి ఫోన్ చేయండి, అది వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, ఉచితం. మానేసిన మొదటి వారం రెండు వారాలు నిద్ర ఇంకా చెడుతుంది, చిరాకు పడతాడు. ఆ రోజుల్లో తిట్టకండి, ఒంటరిగా వదలకండి.

ప్రశ్న: మాకు ఉట్నూరు దగ్గర నాలుగెకరాల పత్తి. మందుల కంపెనీకి కావాలని, మెడికల్ గంజాయికి పర్మిషన్ ఉందని ఒకాయన విత్తనాలు ఇస్తానంటున్నాడు. పత్తి సాళ్ల మధ్య వేస్తే ఎవరికీ తెలియదంటున్నాడు. (ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా)

జవాబు: పర్మిషన్ ఉంటే సాళ్ల మధ్య దాచి వేయమని ఎందుకంటాడు అన్నా? ఉత్తరాఖండ్‌లో నార కోసం, గింజ కోసం మత్తు పదార్థం 0.3 శాతానికి మించని రకానికి ప్రభుత్వం లైసెన్సులు ఇస్తోంది. తెలంగాణలో రైతుకు అలాంటి లైసెన్సు లేదు. అనుమతి లేకుండా పండిస్తే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, కేసు ముందు పడేది చేనులో పండించిన మీ మీదే. 2021లో గంజాయి పండించేవాళ్లకు రైతుబంధు ఆపేస్తామని అప్పటి ప్రభుత్వం చెప్పిన సంగతి మీ ఊళ్లోనూ గుర్తుండే ఉంటుంది. కౌలుకు ఇచ్చిన చేనులో వేరేవాళ్లు వేసినా, తెలిసి కూడా చెప్పకపోతే సెక్షన్ 46 కింద భూమి ఉన్నవాడిదీ తప్పే. ఆయన మళ్లీ వస్తే విత్తనాలు చేతిలోకి తీసుకోకండి, ఆయన వచ్చి అడిగిన సంగతి పోలీస్ స్టేషన్‌లో మీరే ముందుగా చెప్పండి.